వంద కోళ్ల మందు

కొక్కెర రోగం పేరు చెబితే మా పాలెంలో ఆడవాళ్ల గుండెల్లో రాయి పడేది. ఎండలు ముదిరేసరికి కోళ్లు మెడలు తిప్పుకుంటూ, ఆకుపచ్చగా పారుకుంటూ ఊరికి ఊరే తుడిచిపెట్టుకుపోయేవి. పక్క ఊళ్లో రోగం తగిలిందనగానే అందరూ వచ్చినకాడికి అమ్మేసుకునేవారు. ఎనభైల్లో ఓ ఏడు మాత్రం అమ్మ, టీకా ఉందని రేడియోలో విని, బస్సెక్కి పశువుల ఆసుపత్రికి వెళ్లింది.

కాంపౌండరు గారు వస్తానన్నారు గానీ షరతు పెట్టారు. సీసా మందు వంద కోళ్లకి. కలిపితే కాసేపట్లో వాడేయాలి, మిగిలితే పారబోయాలి. అందుకని వంద కోళ్లు ఒకచోట చేరాలి. మా ఇంట్లో ఉన్నవి అయిదు. ఆ మందు కనిపెట్టిన పెద్దలు కోళ్లఫారాలు చూసుంటారు. రాత్రిళ్లు కోళ్లని కమ్మే మా గంపలెత్తి చూసినవాళ్లెవరు?

అమ్మ ఇల్లిల్లూ తిరిగింది. అందరికంటే ఎక్కువగా పక్కింటి మామ్మని బతిమాలింది. మామ్మ ఒంటరిది. చూపు ఆనక మిరపకోతలకి పోలేదు. గుడ్లూ పిల్లలూ అమ్ముకునే గంజి తాగేది.

"రేపు సంతలో అమ్మేసుకుంటానే అమ్మాయ్, ఎంతొస్తే అంత."

"ఒద్దత్తా. మందేపిస్తే బతుకుతయ్యి. నా మాట ఇను."

మామ్మ విన్నది.

తీరా ఆ రోజు అంతా అడ్డం తిరిగింది. చీకటితోనే కోతలకి పోయేవాళ్లు అలవాటుకొద్దీ గంపలెత్తి కోళ్లని వదిలేశారు. కాంపౌండరు గారు ఐసు ఫ్లాస్కుతో బస్సు దిగేసరికి బారెడు పొద్దెక్కింది. వదిలిన కోడిని పట్టపగలు పట్టడం ఎవరి తరం? నేనూ అమ్మా దిబ్బల మీదా కంపల్లోనూ పరుగులు పెట్టాం. "ఇంకొన్ని రానీండమ్మా, అప్పుడు కలుపుతాను" అంటూ ఆయన చర్చి అరుగు మీద కూర్చున్నారు. మధ్యాహ్నానికి ఐసు నీళ్లయింది. ఆ నీళ్లూ వెచ్చబడ్డాయి. ఆయన అందులో వేలు పెట్టి చూసి, మందు కలిపి, మావీ మామ్మవీ సహా దొరికినవాటికి సూది వేసి వెళ్లిపోయారు.

చల్లదనం పోతే ఆ మందు ఉత్త నీళ్లేనని మాకెవరూ చెప్పలేదు. ఆ కోపం నాకింకా పోలేదు.

నెల తిరక్కుండా రోగం వచ్చింది. మా కోళ్లు పోయాయి, మామ్మవీ అన్నీ పోయాయి. ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చచ్చిన పెట్టని తెచ్చి మా గడప ముందు పెట్టి, "అమ్ముకుంటానంటే ఒద్దంటివి గదే" అని వెళ్లిపోయింది. సూది పొడిపించి చంపిందని పాలెమంతా అమ్మనే అన్నారు. మరుసటేడు ఆసుపత్రి వాళ్లు తెల్లారకముందే వచ్చినా ఒక్కరూ కోడిని తేలేదు.

మామ్మ మిరప కల్లంలో తెల్లబారిన తాలుకాయలు ఏరే పనికి కుదిరింది. ఒక్కో కాయనీ కళ్లదాకా తెచ్చుకుని చూసేది. ఆ ఘాటుకి కళ్లు ధారలు కట్టేవి. మంచికాయ తాలులో పడేస్తోందని రైతు కేకలేసేవాడు. పక్కన కూర్చున్న అమ్మ తానేరిన తాలు గుప్పిళ్లతో ఆవిడ కుప్పలోకి జరిపేది. మామ్మ చేత్తో తడిమి, వాటిని వెనక్కి నెట్టేసేది.

ఎండకి అంత త్వరగా చెడని మందు వచ్చిందని, నాలుగు కోళ్లున్న ఇంటికీ వేస్తారని, చాలా ఏళ్ల తర్వాత తెలిసి అమ్మకి సంబరంగా చెప్పాను. అప్పటికి మామ్మ లేదు.

"మంచిదేలే" అంది అమ్మ. మళ్లీ తనే, "కల్లంలో ఆమె పక్కనే కూర్చునేదాన్ని గదే. చచ్చిపోయేదాకా, అత్తా అంటే పలకలేదు" అంది.