పదహారు పాత పెట్టెలు

ఆమెని అందరూ స్క్రూడ్రైవరక్క అంటారు. నదుల లెక్కలు చూసే ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తోంది. కాగితం మీద మాత్రం ఇప్పటికీ సహాయకురాలే.

ఆఫీసు మూల పడేసిన పదహారు కంప్యూటర్లను ఏరి, ఇనుప అరల్లో పేర్చి, బజార్లో దొరికే మామూలు తీగలతో కలిపిందామె. పెద్ద లెక్కని ముక్కలు చేసి తలా ఒకటి పంచుతుంది. ఒకటి మొరాయిస్తే దాని వాటా మిగతావి పంచుకుంటాయి.

"మా అక్కచెల్లెళ్లలాగే! ఒకర్తి మంచాన పడితే దాని ఇంటి వంట మేం చెయ్యమూ?" అనేది.

వచ్చే వారం పెద్దవాన. ఏటి ఒడ్డు కాలనీలో ఏ వీధి మునుగుతుందో ఆ పెట్టెలు లెక్కిస్తున్నాయి. ఆమె చెల్లెలి ఇల్లూ అక్కడే.

లెక్క తేలాల్సిన రోజు పొద్దున పెద్దసారు వచ్చారు.

"రేపు పైవాళ్లొస్తున్నారు. ఈ తుక్కు కనపడకూడదు. రికార్డుల్లో ఇవెప్పుడో చచ్చాయి."

"సాయంత్రం దాకా ఆగండి సార్."

"కొత్త మెషీన్ ఉందిగా!"

ఉంది. ఏడు నెలలుగా అట్టపెట్టెలో ఉంది. దాన్ని పెట్టాల్సిన చల్లగదికి ఇంకా తలుపే రాలేదు.

పాతసామాన్లు కొనే ఆయన బండి తెచ్చాడు. "ఇదేంటక్కా, వీటికింకా ఊపిరాడుతోంది!"

"ఆడుతోంది తమ్ముడూ. ఒక్కొక్కటే, నేనిచ్చిందే తీసుకెళ్లు."

అతనికి అర్థమైంది. పెట్టె పెట్టెకీ నడుం పట్టేసిందన్నాడు, రెండుసార్లు టీకెళ్లాడు. ఆమె ఒక్కోదాని పని తక్కినవాటికి అప్పగించి, తీగ పీకి ఇచ్చేది. పదహారు కాస్తా ఎనిమిదయ్యాయి, నాలుగయ్యాయి. మిగిలినవి వేడెక్కి రొప్పుతుంటే అట్టముక్కతో విసిరింది. చివరి రెండూ సాయంత్రానికి లెక్క తేల్చాయి: చెల్లెలి వీధిలో కిటికీల ఎత్తున నీళ్లు.

"సామాన్లు సర్దు. వీధివీధికీ చెప్పు," అని చెల్లెలికి ఫోన్ చేసింది.

కాలనీ ఖాళీ అయ్యాక, సరిగ్గా అంత ఎత్తునే నీళ్లొచ్చాయి.

ఆమె లెక్కతో ఆఫీసు అచ్చేసిన ముంపు మ్యాపు కింద ఏముందో తెలుసా? "కొత్త యంత్రంపై తయారైనది." టేపు కూడా విప్పని యంత్రం మీద! సిగ్గుండక్కర్లా?

సన్మానం పెద్దసారుకి. అక్కకి నోటీసు: తుక్కు అప్పగించడానికి పొద్దంతా ఎందుకు పట్టింది, సంజాయిషీ ఇవ్వండి.

ఆమె ఒక్క వాక్యం రాసిచ్చింది: "అందులో మా కాలనీ ఉంది సార్."