కాక ఫిట్ అయిన రోజు

నాలుగేళ్ల కిందట నేనొక నవల రాస్తున్నాను. రాబోయే కాలంలో ఒక నగరం. అక్కడ ఏటా ప్రతి మనిషినీ ఒక యంత్రం పరీక్షిస్తుంది. పనికిరాడని తేలితే పేరు కొట్టేసి, ఆ చోట అతని బిడ్డను నిలబెడుతుంది. ఇంత క్రూరమైన ఊహ నాకెలా వచ్చిందా అని లోలోపల మురిసిపోయేదాన్ని.

గోదావరిఖనిలో మా వెనక వీధిలోనే మా కాక, అంటే నాన్న తమ్ముడు, ఉండేవాడు. ముప్పై ఏళ్లకు పైగా గనిలో పని. చదువు రాదుగానీ కథలంటే చెవి కోసుకునేవాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం మొదటి మూడు అధ్యాయాలు చదివి వినిపించాను. బీడీ ఆరిపోయినా చూసుకోకుండా విన్నాడు.

"ఇంట్ల ఏడ్సిన్రని రాయలేదేంది బిడ్డా?"

"పేరు కొట్టేసినప్పుడు ఏడుస్తరు కాక. అది తర్వాత వస్తది."

"అప్పుడు గాదు. మంచిగున్నడని చెప్పినప్పుడు."

నాకర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. ఆ నెలలోనే కంపెనీ మెడికల్ బోర్డు ముందుకు వెళ్లొచ్చాడట. అన్‌ఫిట్ అని రాస్తే ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది; రిటైరైతే రాదు. దగ్గు, మోకాళ్ల నొప్పులు అన్నీ చెప్పుకున్నాడు. డాక్టర్ ఫిట్ అని రాశాడు.

"ఇంటికొచ్చి ఫిట్ అన్నరని చెప్పిన. మీ చిన్నమ్మ కొంగు నోట్లె కుక్కుకొని ఏడ్సింది. పోరడు అన్నం ముట్టలె. నా పాణం మంచిగున్నదని బిడ్డా, గట్ల ఏడ్సిన్రు. నాగ్గూడ సిగ్గయింది."

కాగితాలు సంచీలో పెట్టుకున్నాను.

మరుసటి ఏడు, రిటైర్మెంటుకు కొన్ని నెలలుండగా, ఉదయం షిఫ్టుకు బయలుదేరుతూ కాక గుమ్మంలోనే కూలిపోయాడు. దవాఖానకు చేరేసరికే ప్రాణం పోయింది. గుండె అన్నారు. దినాల నాడు బంధువులందరిదీ ఒకే మాట: "సర్వీసుల ఉండంగనే పోయిండు. కొడుకును నిలవెట్టి పోయిండు." నిజం చెప్పాలంటే ఆ మాట వినగానే నాకూ మనసు తేలికపడింది. అందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

నవల అచ్చయింది. కాక చెప్పింది అందులో ఉన్నదున్నట్టు రాశాను. ఆ ఒక్క ఘట్టం నమ్మేలా లేదని ఒక సమీక్షకుడు రాశాడు.

ఆ నెలలోనే కాక కొడుక్కి, మా తమ్ముడికి, ఆ ఉద్యోగం వచ్చింది. వాణ్ణి మొదటి డ్యూటీకి సాగనంపి చిన్నమ్మ నా చేతిలో లడ్డూ పెట్టింది.

"తిను బిడ్డా. మీ కాక ఉంటె గిది అయితుండెనా?"

ఆమె నవ్వుతోంది. నేను తిన్నాను. ఇంకొకటి పెడితే అదీ తిన్నాను.