అన్నిటికంటే వెచ్చటి కోటు

మా పార్టీలో ఆఖరి ఇద్దరినీ దించి హెలికాప్టర్ తిరిగి వెళ్లేసరికి ఉదయం పదకొండు ఇరవై. ఎత్తు పదిహేడు వేల ఐదు వందల అడుగులు. ఎండ కళ్లు చెదిరేలా ఉంది, వేడి మాత్రం లేదు. వీపున ఇరవై రెండు కిలోల బరువు. హెలిప్యాడ్ నుంచి మా సరిహద్దు కాపలా పోస్టు నూట యాభై అంగలు. అది నడవడానికి పావుగంట పట్టింది. మంచులో సగం కూరుకుపోయిన రెండు ఫైబర్ గుడిసెలు, ఇసక బస్తాల మధ్య సెంట్రీ కాపలా నిలబడే మోర్చా. తలుపు దగ్గర టీ కెటిల్ పట్టుకుని మా కుక్ నిలబడి ఉన్నాడు.

"ఏడుగురూ వచ్చారా? చక్కెర వచ్చిందా?" అన్నాడు. అదే ఆయన స్వాగతం.

గఢ్వాల్ కొండల మనిషి, నాకంటే ఆరేళ్లు పెద్ద. పొయ్యి ఆరకూడదని కుక్‌ని మాకంటే నెల ముందే, పాత పార్టీ ఇంకా పైన ఉండగానే పంపేవారు. మా మాటలన్నీ హిందీలో సాగినవే; ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

సైన్యంలోంచి వచ్చేసిన ఇన్నేళ్ల తర్వాత ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈ చలికాలం మా జగ్గయ్యపేటలో దగ్గు వినపడని ఇల్లు లేదు. నందిగామలో మా అక్కా బావగారూ ఉంటారు. బావగారు రిటైరైన లెక్కల మాస్టారు, షుగరున్న మనిషి. మొన్న ఫోన్ చేశారు.

"ఏమయ్యా, డాక్టరుగారు ఫ్లూ సూది వేయించుకోమంటున్నారు. నాకెప్పుడూ జలుబన్నా చేసిందా చెప్పు? కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. నువ్వేమంటావు?"

సరిగ్గా అదే సామెత ఒకప్పుడు నేనూ వాడుకున్నాను. "రేపొద్దున వస్తున్నా బావగారూ, వచ్చాక చెప్తానండి" అన్నాను. వెళ్లి చెప్పింది ఇదే.

పైకి ఎక్కడానికి పద్దెనిమిది రోజుల ముందు, కింద క్యాంపులో మిగతా పోస్టుల పార్టీలతో పాటు మాకూ ఫ్లూ సూది వేశారు. ఆ ఏడు కింది యూనిట్లలో ఫ్లూ జోరుగా తిరుగుతోంది. మా పోస్టుకి వైద్యం చూసే నర్సింగ్ అసిస్టెంట్‌ని డాక్టర్ సాబ్ అనేవాళ్లం. ఆయన మమ్మల్ని వరుసలో నిలబెట్టి చెప్పాడు: "పైనున్న కుక్‌కి సూది పడలేదు. మందు పైకి పంపలేం, గడ్డకడితే పాడవుతుంది. మనం ఏడుగురమే అతనికి కంచె."

మిర్చి చేలకి కంచె కట్టి పెరిగినవాణ్ణి. ఆ మాట అర్థం కాకపోలేదు. అయినా తప్పించుకున్నాను. అంతకుముందు ఏడు సూది వేసిన రోజు నాకు కాస్త జ్వరం తగిలింది. ఎత్తుకి ఒళ్లు అలవాటు పడే రోజుల్లో జ్వరం వస్తే మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాలి. నా వాళ్లంతా వెళ్లిపోతారు, నేను మిగిలిపోతాను. దానికి తోడు పొగరు. జగ్గయ్యపేట మే నెల ఎండకి కాగిన ఒంటికి జలుబేమిటి అనుకున్నాను. చేయదలచుకున్న పనికి సామెత ఎప్పుడూ దొరుకుతుంది, నాకూ దొరికింది.

ఎలా చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. మందుల షెడ్డులోకి ఒక తలుపులోంచి వెళ్లి సూది వేయించుకుని, అవతలి తలుపు బయట బెంచీ మీద అరగంట కూర్చోవాలి. నేను వెనకనుంచి వచ్చి నేరుగా బెంచీ మీద కూర్చున్నాను, చొక్కా చెయ్యి మడిచి, చిన్న దూది ముక్క నొక్కి పట్టుకుని. పేర్లు రాసే క్లర్కు టిక్కులు పెట్టుకుంటూ వెళ్లాడు. చివరికి ఒక డోసు మిగిలింది. డాక్టర్ సాబ్ రెండుసార్లు చూసుకుని, "ఎవరైనా మిగిలారా?" అన్నాడు. నేను వంగి బూటు లేసు కట్టుకున్నాను.

పోస్టులో ఒక పద్ధతి ఉండేది. సెంట్రీకి ఒకటే బరువు కోటు. డ్యూటీ గంటసేపు. దిగినవాడు గుడిసెలోకి వచ్చి కోటుని కింద పెట్టకూడదు, కొక్కేనికి తగిలించకూడదు. లోపలి వేడి పోకముందే తర్వాతివాడి భుజాల మీద కప్పాలి. కోటు చల్లగా ఇచ్చినవాణ్ణి వారం రోజులు ఏడిపించేవాళ్లం.

పైకి వచ్చే ముందు రోజు మేమంతా కాన్వాయ్ డ్రైవర్లతో ఒకే గదిలో ఉన్నాం. వాళ్లు దగ్గుతున్నారు. పైకొచ్చిన మూడో రోజు పొద్దున నాకు ఒళ్లునొప్పులు, గొంతులో మంట. ఆ ఎత్తులో అందరూ దగ్గుతారు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు దాకా నా డ్యూటీ. మైనస్ పద్దెనిమిది. వంట ముగించుకుని కుక్ కూడా రోజూ ఒక గంట నిలబడేవాడు. రెండింటికి ఆయన వంతు, నేను గుడిసెలోకి వచ్చాను. కోటు విప్పి ఆయన భుజాల మీద కప్పాను. ఆయన ఒక మాట అన్నాడు. అది తర్వాత చెప్తాను.

సాయంత్రానికి నాకు నూట మూడు జ్వరం. రెండు రోజులకి కుక్ పడిపోయాడు. నాది జ్వరంతో సరిపోయింది, ఆయనకి ఊపిరితిత్తుల్లోకి దిగింది. పెదాలు నీలంగా మారాయి. రేడియో ఆపరేటర్ కిందికి కబురు పెట్టాడు.

"ఇద్దరు జబ్బు. ఒకరు సీరియస్. హెలికాప్టర్ కావాలి. ఓవర్."

"మబ్బు కమ్మింది. ఆగండి. ఓవర్."

ఆ మాట మూడు రోజులు విన్నాం.

డాక్టర్ సాబ్ నా ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి అడిగాడు. "నీకు సూది వేశాను కదా?"

"లేదు సాబ్. ఆ మిగిలిన డోసు నాదే."

స్టెతస్కోప్ తీసి మెడలో వేసుకున్నాడు. తర్వాత, "వేడినీళ్లు తాగు" అని కుక్ దగ్గరికి వెళ్లిపోయాడు.

పోస్టులో ఒక ప్రెషర్ సంచి ఉంది. మనిషిని లోపల పడుకోబెట్టి జిప్పు వేసి, కాలితో పంపు తొక్కుతూ ఉంటే లోపల గాలి చిక్కబడుతుంది. రోగిని కొన్ని వేల అడుగులు కిందికి దించినట్టే. నిమిషానికి పది తొక్కులు. ఆపకూడదు. డాక్టర్ సాబ్ కుక్‌ని కనిపెట్టుకుని ఉంటే మిగతా ఐదుగురు వంతులేసుకుని తొక్కారు, నా సెంట్రీ గంటలు కూడా వాళ్లే పంచుకున్నారు. సూది వేయించుకున్న రేడియో ఆపరేటర్‌కీ ఫ్లూ తగిలింది. ఒక పూట పడుకుని లేచాడు. తుమ్ముతూనే చెవికి హ్యాండ్‌సెట్ ఆనించుకుని తొక్కాడు. సూది ఇనప గోడేమీ కాదు. కానీ వేయించుకున్నవాళ్లు కాళ్ల మీద నిలబడ్డారు, వాళ్లు నిలబడ్డారు కాబట్టే మేమిద్దరం బతికాం.

కుక్ పడిపోయిన మూడో రోజు నేనూ లేచాను. పోస్టు కమాండర్ సుబేదార్ సాబ్ అడ్డుపడ్డాడు. "నువ్వే నిలబడలేకపోతున్నావు."

"కూర్చుని తొక్కుతాను సాబ్."

ముక్కుకి గుడ్డ కట్టి కూర్చోబెట్టారు. సంచికి చిన్న అద్దపు కిటికీ ఉంటుంది. అందులోంచి కుక్ కళ్లు తెరిచి నన్ను చూశాడు. చెయ్యెత్తి గరిటె తిప్పినట్టు తిప్పాడు. పొయ్యి మీద పప్పు చూసుకోమని. నాకు ఏడుపొచ్చింది, అయినా పంపు ఆపలేదు.

నాలుగో రోజు ఉదయం ఎనిమిది నలభైకి మబ్బు విడింది. హెలికాప్టర్ రెండు నిమిషాలు ఆగింది. కుక్‌ని ఎక్కించాం.

కొత్త కుక్ వచ్చేదాకా వంట నాదే అని సుబేదార్ సాబ్ శిక్ష వేశాడు. శిక్ష నాకో వాళ్లకో తెలియదు, మన కారానికి అందరి కళ్లల్లో నీళ్లు. ఒక్కడు కూడా నా తప్పు ఎత్తి చూపలేదు. వాళ్లకి ఈ జన్మంతా దండం పెట్టినా చాలదు.

తొంభై నాలుగో రోజు కిందికి దిగాం. కుక్ అప్పటికి కోలుకుని బేస్ వంటశాలలో తేలిక పనిలో ఉన్నాడు. దూది ముక్క సంగతి ఆయనకి చెప్పేశాను. ముందున్న ఉల్లిపాయలన్నీ తరిగాడు. "నువ్వు కూడా పంపు తొక్కావు కదా" అన్నాడు చివరికి. "సరేలే. నా కుక్కర్ మూత పోగొట్టింది ఎవడు, అది చెప్పు ముందు." అంతే. ఇప్పుడు వాళ్ల ఊరి దారిలో చిన్న హోటల్ నడుపుతున్నాడు.

ఇంతా విని బావగారు లోపలి గదివైపు చూశారు. అక్కడ మంచం మీద ఆయన తల్లి. ఎనభై నాలుగేళ్లు, మంచం దిగలేదు. పూటపూటా అన్నం కలిపి నోటికి అందించేది బావగారే.

"మొన్న డాక్టరుగారు వచ్చి అమ్మకి వేసి వెళ్లారు. అయినా ఈ వయసులో మందు ఎంత పట్టుద్దో చెప్పలేమన్నారయ్యా" అన్నారు మెల్లగా. కండువా తీసి భుజాన వేసుకున్నారు. "పద. కంచె కట్టించుకొద్దాం."

నందిగామ క్లినిక్‌లో పదకొండున్నరకి మా వంతు వచ్చింది. ముందు నేను కూర్చున్నాను. నర్సమ్మ సూది వేసి, దూది పెట్టి, "గట్టిగా నొక్కి పట్టుకోండి బాబాయిగారూ" అంది.

పట్టుకున్నాను. దూది వేలికి తగిలితే చాలు, నాకు మళ్లీ ఆ మధ్యాహ్నం రెండు గంటలవుతుంది. నా జ్వరంతో కాగిన కోటు ఆయన భుజాల మీద కప్పుతున్నాను. ఆయన కాలరు రెండు బుగ్గలకీ ఆనించుకుని, కళ్లు మూసుకుని నవ్వుతున్నాడు.

"ఈ నెల రోజుల్లో ఇంత వెచ్చటి కోటు నాకెవరూ ఇవ్వలేదు తమ్ముడూ."