పెరగని డబ్బా ధర

ఆత్మకూరులో చిన్నాయన తన షేర్లు అమ్మినప్పుడు ఆయనకు కంపెనీ సంగతులేవీ తెలియవు. తెలిసింది నాకు. ఈ ముక్క ఉదయగిరిలో పెదనాయన ముందు చెప్పవలసిన రోజున నేను చెప్పలేదు. చిన్నాయన అన్నను ముంచాడని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. అందుకే రాస్తున్నాను.

ఇద్దరూ అన్నదమ్ములు, కిరాణా వ్యాపారులు. నాకు చుట్టాలు కారు. మా నాయన స్నేహితులని ఆ వరసలతో పిలిచేవాణ్ణి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో నేను మద్రాసులోని ఒక పెద్ద వనస్పతి కంపెనీలో సేల్స్‌మన్‌ని. ఆత్మకూరులో దిగితే చిన్నాయన ఇంట్లోనే భోజనం, పడక. మర్నాడు ఉదయగిరి బస్సు. ఇద్దరూ మా డబ్బాలు అమ్మేవాళ్ళు. నా మాట మీదే మా కంపెనీ షేర్లు కూడా కొన్నారు.

ఆ ఏడు వానల్లేక వేరుశనగ ధర మండిపోయింది. మా డబ్బా ధర మాత్రం కదల్లేదు. పెదనాయన దాన్ని అంగడి లెక్కతో చూశాడు. బజారంతా రేటు పెంచినప్పుడు పెంచకుండా నిలబడినవాడే గట్టివాడు.

"మీవోళ్ళు దండిగా సరుకు పెట్టుకోనుండారబ్బయ్యా. లేకుంటే ఈ రేటుకు ఎట్టిస్తారు?" అన్నాడు.

అసలు సంగతి ముందురోజే మా మేనేజరు ఆత్మకూరు ప్రయాణికుల బంగళాలో నాకు చెప్పాడు. కొత్తగా వచ్చిన ఇంకో కంపెనీని నిలవనీయకూడదని ధర పట్టి ఉంచారు. ప్రతి డబ్బా మీదా నష్టమే. ఈసారి డివిడెండు ఉండదు. ఇది బయట పొక్కితే నా ఉద్యోగం ఉండదు.

పెదనాయన నన్ను తేరిపార చూశాడు. "ఏందో తేడాగా ఉండాదే నీ మొహం. షేర్లు అమ్మేయమంటావా?"

"నాకేం తెలుసు పెదనాయనా! డబ్బాలమ్ముకునేవాణ్ణి."

ఆ నెలలోనే చిన్నాయన బావిలో బండ తగిలింది. బండలో తూటాలు పెట్టి పేల్చేవాళ్ళకు ఇవ్వడానికి షేర్లు అమ్మేశాడు. "అన్నకు చెప్పబాక. ఈ నేల్లో బావేందిరా అని నవ్వతాడు" అన్నాడు.

తర్వాత కంపెనీ డివిడెండు లేదని ప్రకటించింది. షేరు సగానికి పడింది. కొడుకు చేత కావలిలో అంగడి పెట్టించాలని పెదనాయన దాచిన డబ్బు అందులోనే ఉంది. తమ్ముడు ముందే అమ్మాడని ఎవరో ఆయన చెవిన వేశారు. నేను ఉదయగిరి వెళ్ళగానే పట్టుకున్నాడు.

"వాడింట్లో తిని, వాడింట్లో పండుకోనొస్తావు. నువ్వు వాడికి చెప్పినావు. వాడు నాకు చెప్పలా. అంతే గదా?"

"నేను చెప్పలేదు పెదనాయనా. బావి కోసం అమ్మాడు."

"ఓహో! షేరు పడే ముందర్నే తగలాలని ఆ బండకు తెలుసా?"

నాకు ముందే తెలుసు, ఎవరికీ చెప్పలేదు అని ఉంటే తేలిపోయేది. అది దాచి బావి గురించి ఎంత చెప్పినా ఆయన నమ్మడు. ఆర్డరు రాసుకుని వచ్చేశాను. ఆ తర్వాత నేను వెళితే సీలు వేసిన డబ్బాలను కూడా నా ముందే తూకం వేయించేవాడు.

ఒకసారి చిన్నాయన కొత్త బావి కింద పండిన వంకాయలు గంపెడు తీసుకుని ఉదయగిరి వెళ్ళాడు. పెదనాయన ఆయన్ను మెట్ల మీదే నిలబెట్టి, "ఏం కావాలయ్యా?" అని అంగడికొచ్చినవాణ్ణి అడిగినట్టు అడిగాడు. చిన్నాయన గంప అక్కడే దించి తిరుగు బస్సెక్కాడు. తర్వాత నన్ను నిలదీశాడు. "మా అన్నకు ఏం ఎక్కించినావురా?" ఏమీ లేదన్నాను.

కొన్నేళ్ళకు ఆ ఉద్యోగం మానేశాక ఉదయగిరి వెళ్ళి పెదనాయనకు అంతా చెప్పాను.

"ఆ పొద్దు నోరు పడిపోయిందా నీకు?"

"ఉద్యోగం పోతుందని భయపడ్డాను."

 ఆయన కండువా భుజాన వేసుకుని లేచాడు. "పద. వాడి ముందర చెబుదువు."

ఇద్దరం ఆత్మకూరు బస్సెక్కాం. అన్నను గుమ్మంలో చూసి చిన్నాయన లేచి నిలబడ్డాడు. ఎవరూ కూర్చోలేదు.

"చిన్నాయనా, కంపెనీ సంగతి నాకు ముందే తెలుసు. నా ఉద్యోగం కోసం నోరు మూసుకున్నాను. నింద నీ మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను. నన్ను మన్నించు" అన్నాను.

పెదనాయన తమ్ముడి వైపు తిరిగి, "ఏదిరా ఆ బావి, చూపియ్యి" అన్నాడు.