అక్క వంతుకొచ్చిన మాట

ప్రాంప్టరమ్మ ఎవరంటే మా నాటక బృందంలో ఎవరైనా చెబుతారు. మా అక్క. పగలంతా బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు గుండీలు కుట్టి, సాయంత్రం కాగానే మార్కెట్ వెనక హాలుకు పరుగెత్తుకొచ్చేది. రిహార్సల్స్ అక్కడే. నేను లైట్లు వేసేవాణ్ణి. ఆమె తెర పక్కన స్టూలు మీద కూర్చుని, నటులు మరిచిపోయిన మాట అందించేది.

మాట అందించడమంటే పుస్తకం చూసి చదవడమేగా అనుకుంటారు చాలామంది. వాళ్ళను తీసుకొచ్చి ఆ స్టూలు మీద కూర్చోబెట్టాలి. నటుడు తడబడబోతున్నాడని అతనికంటే ముందే మనకు తెలియాలి. మొదటి మాట ఒక్కటే, జనానికి వినపడకుండా, అతనికి వినపడేలా వదలాలి. ఆ పనిలో అక్కకు సాటి లేరు. కానీ ఆమెకు కావలసింది ఆ పని కాదు. కొత్త నాటకం మొదలైన ప్రతిసారీ, నాటకాలు ఆడించే మాస్టారి దగ్గరికెళ్ళి, "ఇందులో నాకేమైనా వేషం ఉందా మాస్టారూ" అని అడిగేది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈయన అడిగినా పెట్టలేదు.

ఇక మా బావ. పంక్చర్ షాపు ఆయనది. అక్కను స్కూటర్ మీద ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చి, వెనక బెంచీ మీద ఆవులిస్తూ కూర్చునేవాడు. ఒకసారి తండ్రి వేషం వేసే ఆయన రాకపోతే, "ఊరికే వచ్చి నిలబడవయ్యా, అక్కడ ఖాళీగా ఉంది" అన్నారు మాస్టారు. బావ చేతికంటిన గ్రీజు ప్యాంటుకు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు. అక్క మాట అందించింది. షాపులో "ట్యూబు పోయింది, మార్చాలి" అన్నంత మామూలుగా ఆ మాట అన్నాడు. హాల్లో గుసగుసలు ఆగిపోయాయి. అక్క పేజీ తిప్పడం మరిచిపోయి మొగుణ్ణే చూస్తోంది.

ఆ రోజు నుంచి పెద్ద వేషాలన్నీ బావవే. పోనీ నాటకమంటే ఆయనకు ఇష్టమా అంటే అదీ లేదు. "నిలబడమంటున్నారు, నిలబడుతున్నా" అనేవాడు. మాటలు గుర్తుండవు. సగం నాటకం అక్క నోట్లోంచి ఆయన చెవిలోకి, అక్కడి నుంచి జనంలోకి వెళ్ళేది. చప్పట్లు మాత్రం ఆయనకు. పైవాడి పంపకం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

చివరికి ఈ మధ్య అక్కకు వేషం దొరికింది. వెయ్యాల్సినావిడ ఊరు మారిపోతే దొరికిందనుకోండి, అది వేరే సంగతి. కథ చిన్నది. ఇంట్లోంచి గెంటేసిన కొడుకు వానలో తిరిగొచ్చి తలుపు తడితే తల్లిదండ్రులు తియ్యరు. తెల్లారి వాడు కాలవలో శవమై దొరుకుతాడు. తండ్రి బావ, తల్లి అక్క. తల్లి నాటకమంతా నోరు విప్పదు. చివర్లో తండ్రి, "వాడు తలుపు తడితే నేనెందుకు తియ్యలేదు?" అంటాడు. అప్పుడు తల్లి, "తియ్యొద్దన్నది నేను" అంటుంది. అక్క వంతుకొచ్చింది ఆ ఒక్క మాటే.

రిహార్సల్ మొదటిరోజే గొడవైంది. ఎవరు మాట్లాడుతున్నా అక్క పెదవులు కదులుతున్నాయి. తండ్రి మాట, పొరుగింటాయన మాట, పోలీసు మాట, అన్నీ ఈమె నోట్లో ఆడుతున్నాయి. అందరూ పగలబడి నవ్వారు. మాస్టారు మాత్రం నవ్వలేదు.

"చూడమ్మా, కొడుకు పోయిన తల్లి అందరి డైలాగులూ నెమరేస్తూ కూర్చుంటే జనం కూడా ఇలాగే నవ్వుతారు. నీ వంతు రాకుండా పెదవి కదిలిందంటే వేషం తీసేస్తా. మీ ఆయన మరిచిపోయినా సరే, అది నీ పని కాదు. పుస్తకం నేను పట్టుకుంటా" అన్నారు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

మర్నాటి నుంచి అక్క పెదవుల మధ్య గుండీ పెట్టుకుని, బావ చేత నాటకమంతా చదివించుకునేది. గుండీ జారిపడితే మళ్ళీ మొదటి నుంచి. బావ విసుక్కోకుండా చదివేవాడు, అది మాత్రం ఒప్పుకోవాలి. వంట చేస్తూ తన మాటను ఏడుస్తూ ఒకసారి, కోపంగా ఒకసారి, గొణుగుతూ ఒకసారి అనుకునేది. ఎలా అన్నా పుస్తకం చదివినట్టే ఉండేది.

ప్రదర్శన రోజు హాలు నిండింది. మొదటి నుంచి చివరి దాకా అక్క పెదవి కదల్లేదు. ఆఖరి సీనులో బావ ఆమె ఎదురుగా కుర్చీలో కూర్చుని నోరు తెరిచాడు. మాట రాలేదు. తెర పక్క నుంచి మాస్టారు అందించారు. లైట్ల దగ్గరున్న నాకే వినబడింది గాని బావకు అందలేదు. ఆయన చెవికి అలవాటైన గొంతు ఒక్కటే. అక్క వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు, చెప్పవే అని. అందిస్తే ఆమె వేషం పోతుంది. అందించకపోతే ఆమె మాటకు చోటే రాదు. అక్క గొంతులో నరం ఉబ్బింది, పెదవులు మాత్రం విడలేదు.

బావ చూసి చూసి, మెల్లగా తల దించుకుని తన చేతులు చూసుకున్నాడు. ముందు వరుసలో ఎవరో వెక్కారు. ఆ తర్వాత హాలంతా ఏడుపే. మాస్టారు పుస్తకం మూసి, లైట్లు తగ్గించమని నాకు సైగ చేశారు. నేను తగ్గించాను. వెలుతురు పోతుంటే అక్క ఒక్కసారి నా వైపు చూసింది.

తర్వాత జనం బావను చుట్టుముట్టారు. "ఏం మౌనమండీ అది" అంటున్నారు. మాస్టారు అక్క భుజం తట్టి, "ఇకనుంచి ఇలాగే ఉంచేద్దామమ్మా, ఆ చివరి రెండు మాటలూ అక్కర్లేదు" అన్నారు.

బావ జనాన్ని తప్పించుకుని బిక్కమొహంతో వచ్చాడు. "నాకు గుర్తు రాలేదే. నువ్వు అందిస్తావనుకున్నా."

"మీరు మరిచిపోవడం కూడా నాకంటే బాగా చేస్తారు" అంది అక్క.

మర్నాడు పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. బావ షాపుకు వెళ్ళిపోయాడు. అక్క టీ పెడుతోంది.

"బావ నాటకాలు మానేస్తానంటున్నాడటగా?" అన్నాను.

"మానొద్దన్నాను. ఆ మాటలు ఆయన అన్నట్టు ఇంకెవరంటారు? నేను మళ్ళీ పుస్తకం పట్టుకుంటాలే." టీ కలుపుతూ, "ఒక్కసారి నా మాట వింటావా?" అంది.

స్టవ్ ఆపి, చేతులు తుడుచుకుని, గోడకు ఆనుకుని నిలబడింది. "తియ్యొద్దన్నది నేను" అంది. కళ్ళలో నీళ్ళు నిజమైనవే. గొంతులోకి మాత్రం ఒక్క చుక్కా దిగలేదు.

"ఎలా ఉందిరా?"

"చాలా బాగుందక్కా" అన్నాను, ఆమె కళ్ళలోకి చూస్తూ.

అక్క నన్నే చూస్తూ టీ గ్లాసు నా చేతికిచ్చింది. "నటించకురా. నీకూ రాదు" అంది.