మగ్గం దారం, ఇత్తడి గుండు

ఈ పొద్దున ఎదురింటి కొత్త గోడ దగ్గర మేస్త్రీ నిటారు చూసుకోవడానికి దారంతో వేలాడదీసిన గుండు గాలికి ఊగుతోంది. దాన్నే చూస్తూ నిలబడ్డాను. అప్పుడే పులివెందుల నుంచి, ఇంటర్‌లో నాతో చదివిన స్నేహితురాలు ఫోన్ చేసింది.

"ఫిజిక్స్ మేడం పోయినారంట మే. సాయంత్రం జమ్మలమడుగు చర్చిలో ప్రార్థన."

మేడం రోజూ జమ్మలమడుగు నుంచి బస్సులో ప్రొద్దుటూరు వచ్చి మాకు పాఠం చెప్పేవారు. సంచిలో టిఫిన్ డబ్బా పక్కన భూతద్దమో అయస్కాంతమో ఉండేది. చాలా కాలేజీల్లో ప్రయోగం చేయకుండానే రికార్డు నింపేస్తారు. పుస్తకంలో జవాబు చూసి, అది వచ్చేలా వెనక నుంచి రీడింగులు అల్లుతారు. మేడం దానికి ఒప్పుకునేవారు కాదు.

"కండ్లతో ఏం జూస్తిరో అదే రాయండి."

రాకెట్ ఎగిరిన రోజు టీవీ ముందు మేం చప్పట్లు కొడుతుంటే అడిగారు: "లెక్కలో ఒక్క అంకె అబద్ధమైతే అది యాడ పడతాదో తెల్సునా?"

"గండికోట లోయలో, మేడం!" అంది వెనక బెంచీ.

"నీ నెత్తిన పడతాది. కూచో మే." నవ్వి, మెల్లగా అన్నారు: "దేశం సైన్సులో ముందుకు పోవాలంటే, మీరు ఈడ్నే నిజం రాయను నేర్చుకోవల్ల."

లోలకం ప్రయోగంలో గురుత్వ త్వరణం, అంటే g విలువ, 980 రావాలి. నాకు ఎన్నిసార్లు చేసినా 950 దగ్గరే ఆగేది. సిగ్గేసి చెరపబోతే మేడం రబ్బరు లాక్కున్నారు. "తప్పు ఎందుకొస్తాందో కనుక్కో. అదే సైన్సు."

సాయంత్రాలు ల్యాబులోనే ఉండిపోయి కనుక్కున్నాను. మామూలు దారం అయిపోతే ఎవరో మగ్గం దారం కట్టారు. ఇత్తడి గుండు బరువుకు దాని పురి విడిపోయి, దారం సాగుతోంది. నేను ముందే కొలిచిన పొడవు ఇక నిజం కాదు. చెప్పగానే మేడం నన్ను దగ్గరికి తీసుకున్నారు. "నువ్వు ల్యాబుల్లో ఉండాల్సినదానివి పాపా." అప్పటి నుంచి నాకు వేరే కోరిక లేదు.

పరీక్ష రోజు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ప్రిన్సిపాల్ గదిలో భోజనానికి కూర్చున్నారు. మేడం బెంచీ బెంచీకీ తిరిగి, "అందరూ 980 రాయండి" అన్నారు.

"నాకు 950 వస్తాంది మేడం. ఆ మగ్గం దారమే ఇంకా..."

"తెల్సు పాపా. ఈ పొద్దు వద్దు."

"కండ్లతో చూసిందే రాయమంటిరి కదా?"

ఆమె నా ముఖం చూడలేదు. రబ్బరు తెచ్చి నా బెంచీ మీద పెట్టారు.

ఆ రబ్బరు వేరే ఎవరు పెట్టినా మరచిపోయేదాన్ని. కాలేజీ ఆమెను ఏమని బెదిరించిందో నాకు తెలియదు. మన దేశం సైన్సులో ముందు వరుసకు వస్తుందా అని టీవీలో వాదించుకుంటుంటే, నాకు ఆ బెంచీల వరుసే కనిపిస్తుంది. ప్రతి కాగితం మీదా 980, నా కాగితం మీద కూడా. అయినా, చూడడం నేర్పింది ఆమే.

ఎదురింటి మేస్త్రీ తొందరపడలేదు. గుండు ఊగడం ఆగేదాకా చూసి, అప్పుడు ఇటుక పెట్టాడు.

ఇంటర్ తర్వాత నేను సైన్సు చదవలేదు.