పెదనాన్న ఇచ్చేసిన పొడుగుబండి

ఆ రోజుల్లో నాకు చేతనైన పనికీ నా నోటికీ మధ్య గద్వాల నుంచి వనపర్తికి ఉన్నంత దూరం ఉండేది. నోరు ముందుగా చేరుకునేది, నేను వెనకాల ఆయాసపడుతూ వచ్చేదాన్ని. రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్లయి ఉంటుంది. ఫార్మసీ చదువు అయిపోగానే అమరచింతలో ఒక ధర్మ దవాఖానలో మందులిచ్చే కొలువు దొరికింది. దవాఖాన అంటే రెండు గదులు, ఒక వరండా, డెబ్బై ఏళ్ల డాక్టర్ సాబ్. జబ్బు ముదిరినవాళ్లను వనపర్తికి పంపాలంటే రోడ్డు మీద నిలబడి వచ్చే పోయే జీపులకు చేతులూపడమే. అది చూడలేక ఒకరోజు "మా పెద్దనాయినకు పొడుగు కారుంది సాబ్, దవాఖానకు ఇప్పిస్త" అనేశాను. "ఇస్తే మంచిదే బేటీ. మరి నడిపేదెవరు? డ్రైవర్‌ను పెట్టే తాకత్ మనకు లేదు" అన్నాడాయన. "నాకొస్తది" అన్నాను. (వచ్చిందెంతంటే, హాస్టల్లో ఉన్నప్పుడు స్నేహితురాలి అన్న కారును కాలేజీ మైదానంలో నాలుగు సాయంత్రాలు గుండ్రంగా తిప్పాను. రెండో గేరు దాటలేదు. లైసెన్సు సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.)

పెదనాన్నది వడ్డేపల్లి. పత్తి విత్తనాల సేద్యం. వెనక డిక్కీ ఉండాల్సిన చోట పైనుంచి కిందిదాకా తలుపున్న ఆ కారులో ఆయన విత్తనాల సంచులేసుకుని ఊళ్లన్నీ తిరిగేవాడు. స్టీరింగు మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాడు కాదు. మూడు నెలలు వెంటపడి బతిమాలితే, మోకాళ్లు నొస్తున్నాయన్న వంకతో చివరికి ఒప్పుకున్నాడు. ఒక శుక్రవారం పొద్దున బండిని కడిగి, నిమ్మకాయలు కట్టి, జూరాల మీదుగా ఒక్కడే నడుపుకుంటూ వచ్చాడు. డాక్టర్ సాబ్ అరచేతిలో తాళంచెవి పెట్టి, దాని మీద చెంబుతో నీళ్లు ధారపోశాడు. "ఇగ ఇది మీది" అని కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నా నోరు ఊరుకుంటుందా, "గద్వాల దాకా దించొస్త పెద్దనాయినా" అంది. "ఏందే గట్లంటవ్? ఇచ్చినంక మల్ల ఎక్కితే ఇచ్చినట్టెట్లయితది? బస్సుకు పోత" అన్నాడు. దేవుడున్నాడని లోపల్లోపల దండం పెట్టుకున్నాను.

బస్సు కోసం వరండాలో కూర్చున్న మనిషి పావుగంటలో చెమటతో తడిసిపోయాడు. ఛాతీ పట్టుకుని పక్కకు ఒరిగాడు. డాక్టర్ సాబ్ నాలుక కింద మాత్ర పెట్టి, నాడి చూసి, "వనపర్తికి తీస్కపోవాలె. గిప్పుడే" అన్నాడు. తాళంచెవి నా ముందు పెట్టాడు. నా నోరు ఎప్పుడో చేరిపోయిన చోటికి ఇప్పుడు నేను చేరాలి.

అయినా అసలు గొడవ నాతో కాదు, పెదనాన్నతో వచ్చింది. "నేనెక్క. ధారవోసిన దాంట్ల ఎట్లెక్కుత? బస్సొస్తది" అంటాడు. పెదాలు నల్లబడుతున్నాయి, మనిషి మాత్రం కదలడు. నేను కాళ్లు పట్టుకుని ఏడుస్తున్నాను. డాక్టర్ సాబ్ ఆయన ముందు గొంతుక్కూర్చున్నాడు. "పటేల్ సాబ్, జర ఇనుండ్రి. ఈ బండి దవాఖానది. పేషెంట్ల కోసమిచ్చిండ్రు. మీరిప్పుడు మాలిక్ కాదు, పేషెంట్. పేషెంటే ఎక్కకుంటే మీరిచ్చింది ఫజూల్ అయితది." పెదనాన్న రొప్పుతూ ఆలోచించాడు. "అయితే చీటి రాయించుండ్రి" అన్నాడు. (ఆ దవాఖానలో చీటి లేనిదే ఎవరినీ చూడరు.) ఆయన పేరు, వయసు రాసి ఇచ్చాను. అది గుప్పిట్లో పట్టుకున్నాకే వెనక తలుపులోంచి ఎక్కి పడుకున్నాడు. ముందు సీటు మాలిక్‌ది, అంటే యజమానిది, కాబట్టి అందులో కూర్చోడట.

బండి రెండుసార్లు ఎగిరి ఆగిపోయింది. "క్లచ్చి నిదానంగ ఇడువు" అని వెనకనుంచి సన్నగా వినిపించింది. కదిలాం. ఆత్మకూరు దాకా రెండో గేరులోనే. ఇంజను గోల పెడుతోంది, వెనక డాక్టర్ సాబ్ పెదనాన్న చెయ్యి పట్టుకుని దువా చదువుతున్నాడు, ఎదురుగా బస్సు వస్తే నేను కళ్లు మూసుకోకుండా ఉండటమే గొప్ప. "బిడ్డా, రెండు గట్ల అరుస్తుంటె మూడెయ్యాలె. ఇనవడ్తలేదా?" అన్నాడు పెదనాన్న. ఇక దాచలేకపోయాను. "నాకు మూడు రాదు పెద్దనాయినా. అబద్ధం జెప్పిన" అని భోరుమన్నాను. డాక్టర్ సాబ్ దువా ఒక్క క్షణం ఆగి, మరింత గట్టిగా మొదలైంది.

"ఎవలకు పుట్టంగనే వచ్చిందే?" అన్నాడు పెదనాన్న, మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ. "ఏడ్వకు. క్లచ్చి తొక్కు. గేరును నడుమకు తే. ఇగ మీదికి నూకు. నా బండి... గాదు, మీ బండి... చెప్పినట్టింటది." నూకాను. పడింది. గోల ఆగిపోయి బండి సాఫీగా సాగింది. "ఆఁ... గట్ల" అన్నాడు. ప్రాణం మీదికొచ్చిన మనిషి గొంతులో అంత తృప్తి నేను మళ్లీ వినలేదు.

వనపర్తిలో దవాఖాన గోడకు ముక్కు ఆనించి ఆపాను. (వెనక్కి తీయడం వార్డుబాయ్ పుణ్యం.) నాలుగో రోజుకు పెదనాన్న లేచి తిరిగాడు. ఇంటికి పంపిస్తామన్న రోజు వార్డుబాయ్‌తో బండి తెప్పించి వెనక తలుపు తీశాను. చీటి నా చేతిలో పెట్టాడు. "జబ్బు పోయింది. ఇగ నేను పేషెంట్‌ను గాను" అని గద్వాల బస్సెక్కాడు. ఆ తర్వాత ఏడేళ్లు బతికాడు, ఆ బండి మాత్రం మళ్లీ ఎక్కలేదు. నేను లైసెన్సు తీసుకున్నాకే దాన్ని మళ్లీ ముట్టుకున్నాను. ఎందరు గర్భిణులను మోసిందో, చివరికి షెడ్డుకు పోయింది.

ఇప్పుడు నాకు సొంత కారుంది. నోరు కొంచెం తగ్గింది, చెయ్యి కొంచెం పెరిగింది. ఆత్మకూరు రోడ్డు మీద ఇంజను రెండో గేరులో గొంతెత్తిందంటే చాలు, నా చెవి వెనక సీటు వైపు పోతుంది. "ఏసిన పెద్దనాయినా" అంటాను మూడు వేసి. "ఎవరితోనే?" అంటాడు పక్కనున్న మా ఆయన.

"పేషెంటుతో" అంటాను.